రాయైనా తూటా అయినా కింద పడాల్సిందే!

మొన్న సంక్రాంతికి ముండ్లమూరు వెళ్లినప్పుడు మా తమ్ముడి కొడుకు అరుగు మీద బోర్లా పడుకుని ఫోన్లో బీజీఎంఐ ఆడుతున్నాడు. వాడికి పందొమ్మిదేళ్లు. అగ్నివీర్ సెలక్షన్లకు వెళ్లాలని రోజూ తెల్లవారుజామున దర్శి రోడ్డు మీద పరుగు తీస్తాడు. మిగతా టైమంతా ఫోన్లో ఈ యుద్ధమే. పక్కన కూర్చుని నేనూ చూస్తున్నాను. ఎక్కడో కొండవాలు మీద చీమంత మనిషి కనిపించాడు. మావాడు స్కోపులోంచి గురి చూశాడు. అయితే గురి ఆ మనిషి మీద పెట్టలేదు. తలకు పైన, ఖాళీగా ఉన్న ఆకాశంలో పెట్టాడు. కాల్చాడు. అవతలివాడు పడిపోయాడు.

"ఏందిరా, గాల్లోకి కొడితే వాడెట్టా పడ్డాడు?" అన్నాను తెలియనట్టు.

"బుల్లెట్ డ్రాప్ పెదనాన్నా. దూరం పోయేకొద్దీ బుల్లెట్ కిందికి జారిద్ది. అందుకని పైన పెట్టి కొట్టాలి."

"ఎంత పైన?"

"అదా... ఆడతా ఉంటే అదే అలవాటైపోద్ది."

వసారాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా మేనత్త తలెత్తింది. ఆమెకు ఎనభై దగ్గర పడుతున్నాయి. "మా నాయన కూడా ఇదే చెప్పేవోడురా. పిట్టను కొట్టాలంటే పిట్ట మీదికి కాదు, పిట్ట పైకి ఇసరాలని" అంది. ఆ మాట అంటూనే ఎడమ కనుబొమ మీద వేలు పెట్టుకుంది. అక్కడ వడ్లగింజంత తెల్లటి మచ్చ ఉంది. ఆ మచ్చ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు, మావాడికి తప్ప.

ఆ కథ చివర్లో చెబుతాను. ముందు మావాడు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న సంగతి చూద్దాం. ఎంత పైన?

మంచె మీది లెక్క

ముండ్లమూరు అనే ఊరొకటుందని బయటివాళ్లలో చాలామందికి 2024 డిసెంబరులోనే తెలిసి ఉంటుంది. అప్పుడు మా మండలంలో, పక్కనున్న తాళ్లూరు మండలంలో వరసగా మూడు రోజులు భూమి కంపించింది. జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు, టీవీల్లో మా ఊరి పేరు మోగింది. భూమి కదిలితే వార్త. కానీ అదే భూమి క్షణం విడవకుండా చేసే పని ఒకటుంది. అన్నిటినీ తన వైపు లాక్కోవడం. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేవాళ్లు ఇద్దరే. తుపాకీ పట్టినవాడు, వడిసెల పట్టినవాడు.

ఇప్పటి పిల్లలకు వడిసెల చూపిస్తే ఏదో పాత తాడు ముక్క అనుకుంటారు. నారతో పేనిన రెండు తాళ్లు, మధ్యలో రాయి పట్టేంత గూడు. ఒక కొసను వేలికి తగిలించుకుని, రెండో కొసను పిడికిట్లో పట్టుకుని, తల చుట్టూ గిరగిరా తిప్పి, సరిగ్గా సమయం చూసి ఆ రెండో కొసను వదలాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో రజాకార్ల మీద ఆడవాళ్లు సైతం పట్టిన ఆయుధమది. మా దగ్గర మాత్రం దాని పని పిట్టల్ని తోలడమే. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు చేలో మంచె వేసేవాళ్లు. నాలుగు గుంజలు, పైన కర్రల తడక. దాని మీద మా తాత నిలబడి చేను నాలుగు మూలలా కన్నేసి ఉంచేవాడు.

మా తాత బడికి పోలేదు. అయినా దూరాన్ని బట్టి రాయిని ఎంత ఎత్తుగా వదలాలో ఆయన చేతికి తెలుసు. ఆ చేతికి తెలిసింది కాగితం మీద పెడితే ఎలా ఉంటుందో చూద్దాం. వడిసెల రాయి సెకనుకు 30 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. 45 మీటర్ల దూరంలో చిలకల గుంపు వాలింది. రాయి అక్కడికి చేరడానికి దాదాపు సెకనున్నర పడుతుంది. ఆ సెకనున్నరలో భూమి ఆ రాయిని 11 మీటర్లు కిందికి లాగేస్తుంది. అంటే మూడంతస్తుల ఇంటి ఎత్తు! చిలకల్ని గురి చూసి తిన్నగా విసిరితే రాయి సగం దారి కూడా పోకుండానే నేల కరుస్తుంది. అందుకే అక్కడ మూడంతస్తుల మేడ ఉన్నట్టు ఊహించుకుని, దాని పైకప్పును గురి చూసి విసరాలి. మా తాత చేసింది అదే. మావాడు ఫోన్లో చేసిందీ అదే.

రెండు నాణేల పరీక్ష

చాలామందిలో ఒక అపోహ ఉంది. తూటా కొంత దూరం తిన్నగా పోతుందట, వేగం తగ్గాక అప్పుడు కిందికి వంగుతుందట. సినిమాలు చూసి ఏర్పడిన అభిప్రాయం ఇది. నిజానికి తూటా తుపాకీ గొట్టం దాటిన క్షణం నుంచే పడటం మొదలుపెడుతుంది. అది కూడా మీ చేతిలోంచి జారిన తాళంచెవి ఎంత వేగంగా పడుతుందో అంతే వేగంగా!

నమ్మబుద్ధి కావడం లేదా? ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు రూపాయి బిళ్లలు తీసుకోండి. ఒకదాన్ని టేబుల్ అంచున పెట్టండి. రెండోదాన్ని వేళ్లతో అదే ఎత్తులో గాల్లో పట్టుకోండి. మొదటిదాన్ని స్కేలుతో అడ్డంగా గట్టిగా కొట్టిన క్షణంలోనే రెండోదాన్ని వదిలెయ్యండి. ఒకటి గది చివరికి పోయి పడుతుంది, ఇంకోటి కాళ్ల దగ్గరే పడుతుంది. కళ్లు మూసుకుని చెవులు రిక్కించండి. రెండు చప్పుళ్లూ ఒకేసారి వినిపిస్తాయి. ఒకట్రెండుసార్లు గురి తప్పినా నాలుగోసారికి కుదురుతుంది.

అడ్డంగా పోయే ప్రయాణం వేరు, కిందికి పడే ప్రయాణం వేరు. ఒకదాని పనిలో ఇంకోటి వేలు పెట్టదు. ఈ సంగతి ప్రపంచానికి లెక్కతో సహా చెప్పినవాడు గెలీలియో. 1638లో అచ్చయిన పుస్తకంలో, విసిరిన వస్తువు పోయే దారి ఎలా వంగుతుందో నిరూపించాడు. ఇప్పుడు ఆ నాణేల స్థానంలో తూటాలు పెట్టి చూడండి. భుజం ఎత్తున, అంటే నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున రైఫిల్‌ను సరిగ్గా అడ్డంగా పట్టుకుని కాల్చారు. అదే క్షణంలో అదే ఎత్తు నుంచి ఇంకో తూటాను చేత్తో వదిలారు. వదిలిన తూటా సెకనులో సగానికి కాస్త పైన నేలను తాకుతుంది. కాల్చిన తూటా కూడా ఆ సమయానికే నేలను తాకుతుంది. కాకపోతే అది అర కిలోమీటరు అవతల! అమెరికా టీవీలో వచ్చిన 'మిత్‌బస్టర్స్' కార్యక్రమం వాళ్లు 2009లో పెద్ద షెడ్డులో నిజంగానే ఇలా కాల్చి, వదిలి చూశారు. రెండూ కంటికి తేడా తెలియనంత దగ్గరగా నేలను తాకాయి.

దూరం కాదు, టైము చూడాలి

ఇంతకీ లెక్క ఏమిటి? చాలా చిన్నది. తూటా గాల్లో ఎన్ని సెకన్లు ఉందో చూడండి. ఆ అంకెను దానితోనే గుణించండి. వచ్చినదాన్ని 4.9తో గుణించండి. అన్ని మీటర్లు తూటా కిందికి జారినట్టు. పదో తరగతి ఫిజిక్సులో మనం బట్టీ పట్టి, పరీక్ష అయ్యాక మరిచిపోయిన సూత్రమే ఇది. 4.9 ఎక్కడిదంటే, భూమ్యాకర్షణ విలువ 9.8లో సగం.

మన సైన్యం, పోలీసులు ఏళ్ల తరబడి వాడిన ఇన్సాస్ రైఫిల్‌నే తీసుకుందాం. దాని తూటా గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు సుమారు 900 మీటర్లు. కాసేపు గాలి లేదనుకుందాం. 100 మీటర్లు పోవడానికి సెకనులో తొమ్మిదో వంతు చాలు. ఆ లోపు అది జారేది 6 సెంటీమీటర్లు. 200 మీటర్లకు 24 సెంటీమీటర్లు. 300 మీటర్లకు 54. 400 మీటర్లకు దాదాపు ఒక మీటరు.

ఈ అంకెల్ని ఇంకోసారి చూడండి. దూరం రెట్టింపయితే జారడం రెట్టింపు కాలేదు, నాలుగింతలయింది. దూరం మూడింతలయితే జారడం తొమ్మిదింతలు. నాలుగింతలకు పదహారింతలు. మావాడు 'అలవాటైపోద్ది' అన్నది దీని గురించే. వంద మీటర్ల దగ్గర కుదిరిన అంచనా నాలుగు వందల దగ్గర కొంప ముంచుతుంది. మొదటి వంద మీటర్లలో అరచేతి వెడల్పు కూడా జారని తూటా, నాలుగో వంద మీటర్లలో ఒక్కసారిగా 40 సెంటీమీటర్లకు పైగా దిగిపోతుంది.

ఈ సూత్రంలో తూటా బరువు అనే మాటే లేదు, గమనించారా? బరువైన తూటా త్వరగా పడుతుందనీ, తేలికైంది తేలిపోతుందనీ అనుకోవడం తప్పు. భూమి లాగుడు అన్నిటినీ ఒకే రేటున దించుతుంది. వేగంగా పోయే తూటా తక్కువ జారిందంటే భూమి దాన్ని వదిలేసిందని కాదు. దానికి గాల్లో ఉండే టైము తక్కువ దొరికింది, అంతే.

ఉస్తాద్ నవ్విన రోజు

ఇదంతా నాకు పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపుకి పోయినప్పుడు ఎక్కింది. అక్కడ మాకు పాయింట్ టూటూ రైఫిల్‌తో ఫైరింగ్ పెట్టారు. పాతిక మీటర్ల దూరంలో టార్గెట్, మనిషికి ఐదు రౌండ్లు. చాప మీద బోర్లా పడుకుని గురి చూశాను. చిన్నప్పుడు మా తాత మంచె మీద నేర్పిన పాఠం అప్పుడే గుర్తుకు రావాలా! గురి మధ్యలో కాకుండా జానెడు పైన పెట్టి, ఐదు గుండ్లూ ఎంతో నమ్మకంగా కాల్చాను.

టార్గెట్ తెచ్చి చూస్తే కాగితం మీద ఒక్క చిల్లు కూడా లేదు. ఐదూ పైనుంచి పోయి వెనకున్న మట్టికట్టలో దిగబడ్డాయి. ఉస్తాద్ కారణం అడిగాడు. చెప్పాను. ఆయన పడీపడీ నవ్వి, "అరే, ఎత్తి కొట్టే పని రైఫిల్ ముందే చేసి పెట్టిందిరా. మళ్లీ నువ్వెందుకు ఎత్తడం?" అన్నాడు.

ఆయన రైఫిల్ విప్పి చూపించినప్పుడు అర్థమైంది. కన్ను చూసే గీత తిన్నగా ఉంటుంది. దాని కింద గొట్టం మాత్రం తిన్నగా ఉండదు, కంటికి కనిపించనంత కొద్దిగా పైకి ఎత్తి ఉంటుంది. తూటా ఆ గీతకు కింద నుంచి బయల్దేరి, గీతను దాటి పైకి పోయి, మళ్లీ దిగుతూ రెండోసారి గీతను కలుస్తుంది. ఆ రెండోసారి కలిసేచోట టార్గెట్ ఉండేలా ముందే సరిచేసి పెడతారు. దాన్నే జీరో చేయడం అంటారు. పాయింట్ టూటూ తూటా వేగం సెకనుకు దాదాపు 330 మీటర్లు. పాతిక మీటర్లలో అది జారేది మూడు సెంటీమీటర్ల లోపే. రైఫిల్ ఆ మూడు సెంటీమీటర్లు ముందే కలుపుకుంది. నేను పైన ఇంకో జానెడు కలిపాను. ఇక గుండు మట్టికట్టలోకి పోక ఎక్కడికి పోతుంది?

వడిసెలకు సైటు లేదు. ఆ లెక్క మనిషే వేసుకోవాలి. రైఫిల్‌కు సైటు ఉంది. ఆ లెక్క ఎవరో ముందే వేసి ఇనుములో బిగించారు. రెండింట్లోనూ లెక్క మాత్రం ఒకటే.

అర మిల్లీమీటరు చుక్క

ఆ లెక్క ఎంత సన్నగా ఉంటుందో తెలియాలంటే హైదరాబాద్ షూటర్ల దగ్గరికి పోవాలి. 2012 జులై 30న లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. ఆ పోటీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. అందులో పది పాయింట్లు తెచ్చే నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అంటే బాల్‌పెన్నుతో ఒక్కసారి తాకిస్తే పడే చుక్కంత.

ఎయిర్ రైఫిల్ పెల్లెట్ వేగం సెకనుకు 175 మీటర్లు అనుకోండి. పది మీటర్లు పోయేసరికి అది ఒకటిన్నర సెంటీమీటర్లకు పైనే జారుతుంది. చుక్క అర మిల్లీమీటరు, జారుడు దానికి ముప్పై రెట్లు! మరి ఎలా కొడుతున్నారు? ఎందుకంటే జారడం సమస్య కాదు, ప్రతిసారీ ఒకేలా జారకపోవడం సమస్య. ఒకేలా జారితే సైటు సరిచేసుకుంటే సరిపోతుంది. పెల్లెట్ వేగంలో నూటికి ఒక వంతు తేడా వచ్చిందనుకోండి, జారుడులో నూటికి రెండు వంతుల తేడా వస్తుంది. అంటే మిల్లీమీటరులో మూడో వంతు. చుక్క వెడల్పే అర మిల్లీమీటరు కదా! అందుకే పెద్ద షూటర్లు పెల్లెట్ల డబ్బాల్ని కూడా ఒక్కో బ్యాచ్ కాల్చి చూసి, తమ రైఫిల్‌కు ఏది ఒకేలా కొడుతుందో ఎంచుకుంటారు.

గగన్ అకాడమీలోనే శిక్షణ పొందిన ధనుష్ శ్రీకాంత్ పుట్టుకతో వినికిడి లేనివాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్‌లింపిక్స్‌లో ఇదే ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం తెచ్చాడు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో నాలుగు పతకాలు గెలిచింది. టీవీలో వాళ్లు కదలకుండా నిలబడటం చూసి మనం ఓపిక అనుకుంటాం. ఆ ఓపికంతా భూమి లాగుడును ప్రతిసారీ ఒకే కొలతకు కట్టడి చేయడానికే.

గాలి వేసే పన్ను

ఇందాక గాలి లేదనుకున్నాం. ఇప్పుడు దాన్ని తీసుకురావాలి. గాలి లేకపోతే ఇన్సాస్ తూటాను ఏటవాలుగా 45 డిగ్రీల్లో కాలిస్తే ఎంత దూరం పోవాలో తెలుసా? 80 కిలోమీటర్లు! ముండ్లమూరులో కాలిస్తే ఒంగోలు మీదుగా పోయి బంగాళాఖాతంలో పడాలి. నిజంగా అయితే నాలుగు కిలోమీటర్లు కూడా పోదు. మిగతాదంతా గాలి మింగేస్తుంది.

ఈ సంగతిని మొదట కొలిచి చూపినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు. అప్పటిదాకా పండితులు గాలిని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. రాబిన్స్ బరువైన చెక్క దిమ్మను ఉయ్యాలలా వేలాడదీసి, దానిలోకి తుపాకీ కాల్చాడు. దిమ్మ ఎంత వెనక్కి ఊగిందో చూసి గుండు వేగం కట్టాడు. దగ్గర నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి కాల్చి, మధ్యలో గాలి ఎంత తినేసిందో తేల్చాడు. 1742లో పుస్తకం వేశాడు. ఈస్టిండియా కంపెనీ ఆయన్ని కోటలు బాగుచేయించడానికి ఇంజినీరుగా మన తీరానికి పంపింది. ఇక్కడి వాతావరణం ఆయనకు పడలేదు. 1751 జులైలో కడలూరు దగ్గరున్న సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. తూటా లెక్కలకు తండ్రి లాంటివాడు మన కోరమండల్ తీరంలోనే కన్నుమూశాడన్నమాట.

గాలిని కలిపితే లెక్క ఒక్క గుణకారంతో తేలదు. వేగం తగ్గితే గాలి అడ్డగింపు తగ్గుతుంది, అది తగ్గితే మళ్లీ వేగం తగ్గే తీరు మారుతుంది. అందుకని దారిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు లెక్క వేసుకుంటూ పోవాలి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం ఫిరంగి పట్టికల కోసం గణితం చదివిన ఆడపిల్లల్ని పెద్దసంఖ్యలో పెట్టుకుంది. ఒక్కో గుండు దారి కట్టడానికి వాళ్లకు గంటలకు గంటలు పట్టేది. ఆ బాధ పడలేకే ఎనియాక్ అనే యంత్రం కట్టించారు. 1946లో బయటికి వచ్చిన ఆ యంత్రమే ఇవాళ్టి కంప్యూటర్లకు ముత్తాత. మావాడి ఫోన్లో బుల్లెట్ ఎక్కడ పడాలో క్షణంలో తేల్చే లెక్కకు మూలం ఆ పాత ఫిరంగి పట్టికలే.

పడుతూనే పడని గుండు

ఇదే 4.9తో ఇంకో వింత ఉంది. న్యూటన్ ఒక ఫిరంగిని ఊహించాడు. ఎత్తైన కొండ మీద నుంచి గుండును అడ్డంగా పేల్చారు. వేగం పెంచేకొద్దీ అది దూరంగా పడుతుంది. భూమి గుండ్రం కాబట్టి దాదాపు 8 కిలోమీటర్లు పోయేసరికి నేల కూడా 4.9 మీటర్లు కిందికి వంగుతుంది. గుండు సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో పోయిందనుకోండి. ఒక సెకనులో అది 4.9 మీటర్లు పడుతుంది, నేల కూడా 4.9 మీటర్లు దిగుతుంది. ఇక అది పడుతూనే ఉంటుంది, నేలను మాత్రం తాకదు.

మన శ్రీహరికోట నుంచి పోయే రాకెట్లు చేసే పని ఇదే. గాలి లేనంత పైకి తీసుకుపోయి, ఉపగ్రహాన్ని అంత వేగంతో అడ్డంగా వదలడం. మా తాత వడిసెల రాయికీ, ఇస్రో ఉపగ్రహానికీ మధ్య ఉన్న తేడా వేగంలోనే. భూమి ఇద్దరికీ ఒకే రూలు పెట్టింది.

పైకి పోయింది ఎక్కడ పడుతుంది?

ఇదంతా చెప్పాక మావాడికి ఉత్సాహం వచ్చింది. ఫోన్ పక్కన పెట్టి, "అయితే పెదనాన్నా, పైకి తిన్నగా కాలిస్తే?" అన్నాడు. అసలు అడగాల్సిన ప్రశ్న అది.

పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకి గాల్లోకి తుపాకీ పేల్చే వీడియోలు మనం చూస్తూనే ఉన్నాం. పేల్చినవాడికి ఆ తూటా ఆకాశంలో కలిసిపోయిందనే లెక్క. కలిసిపోదు. పైకి పోయేటప్పుడు గాలి, భూమి కలిసి దాన్ని ఆపుతాయి. ఆగిన చోటి నుంచి మళ్లీ కిందికి బయల్దేరుతుంది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికా సైన్యం వాళ్లు ఇది పరీక్షించి చూశారు. జూలియన్ హాచర్ అనే అధికారి ఆ వివరాలు రాసిపెట్టాడు. నిట్టనిలువుగా కాల్చిన రైఫిల్ తూటా తిరిగి నేలకు చేరేటప్పుడు వేగం సెకనుకు సుమారు 300 అడుగులు. గంటకు 300 కిలోమీటర్ల పైమాటే. పైకి పోయిన వేగంతో పోలిస్తే ఇది బాగా తక్కువ. కానీ కింద నిలబడ్డ మనిషి తలకు అది చాలు. ఇక ఏటవాలుగా పేలిస్తే తూటా వేగాన్ని ఇంకా ఎక్కువ మిగుల్చుకుని పడుతుంది. అది ఇంకా ప్రమాదం.

అందుకే 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించినప్పుడు వేడుకల్లో కాల్పుల్ని ప్రత్యేకంగా నేరం చేశారు. నిర్లక్ష్యంగానో, సరదాకో కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఉందన్న మాట అక్కడ పనికిరాదు. అడవి పందుల మీదికని నాటు తుపాకీ ఎత్తేవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పందికి తగలని గుండు పంది దగ్గర ఆగదు.

"అదే మా నాయనకు ఆలస్యంగా తెలిసింది" అంది అత్త. చిక్కుడుకాయల చేట పక్కకు జరిపి తనే చెప్పింది.

అప్పుడు ఆమెకు పదేళ్లు. పొద్దున్నే సద్దిబువ్వ నెత్తిన పెట్టుకుని చేనికి పోతోంది. మంచె మీద తాత నిలబడి చిలకల గుంపు మీదికి రాయి వదిలాడు. గురి మంచిదే. కానీ రాయి గుంపు పైనుంచి పోయింది. చిలకలు లేచిపోయాయి. తాత అటే చూసి సంతోషించాడు. చిలకల అవతల జొన్న కర్ర మనిషెత్తు ఉంది. దాని వెనక గట్టు మీద తన కూతురు వస్తోందని ఆయనకు కనిపించలేదు. కేక వినిపించాక మంచె మీద నుంచి దూకాడట. కనుబొమ చీలి కన్నంతా నెత్తురు. వేలెడు కిందికి వచ్చుంటే కన్ను పోయేది. భుజాన వేసుకుని వైద్యుడి దగ్గరికి పరుగెత్తాడు.

ఆ తర్వాత మా తాత వడిసెలను వదల్లేదు, చేను కాయాలి కదా. రాళ్లు మాత్రం మానేశాడు. రేగడి మట్టి పిసికి, ఉండలు చేసి, ఎండబెట్టి వాడేవాడు. అవి తగిలితే పగిలిపోతాయి. నాకు వడిసెల నేర్పింది ఆ మట్టి ఉండలతోనే. విసిరే ముందు ప్రతిసారీ రెండు చూడమనేవాడు. ముందు పిట్టను, తర్వాత పిట్ట అవతల ఏముందో. చిన్నప్పుడు విసుగొచ్చేది. పిట్ట ఎగిరిపోతుంటే అవతల చూసేదేంటని. ఎన్‌సీసీలో ఉస్తాద్ టార్గెట్ వెనక మట్టికట్ట లేకుండా రైఫిల్ ఎత్తనివ్వనప్పుడు అర్థమైంది, ఇద్దరి పాఠమూ ఒకటేనని. ఆ రోజు నా ఐదు గుండ్లకూ ఆ మట్టికట్టే అడ్డం పడింది. అది లేకపోతే వాటి లెక్క ఎవరు చెప్పాలి?

మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి అత్త దగ్గరికి పోయి, ఆ మచ్చను దగ్గరగా చూశాడు. "నొప్పి పుట్టిందా అమ్మమ్మా?" అన్నాడు.

"నాకు రెండ్రోజులే పుట్టిందిరా. మా నాయనకు చచ్చిందాకా పోలా" అంది ఆమె. "రేపు నువ్వు మిలట్రీకి పోతే వాళ్లు నీకు తుపాకి ఇస్తారు. కొట్టడం వాళ్లు నేర్పుతారులే. అవతల చూడటం మాత్రం మర్చిపోమాక."

మర్నాడు తెల్లవారుజామున వాడు పరుగుకి పోతూ నన్ను లేపాడు. "పెదనాన్నా, ఆ 4.9 లెక్క ఒకసారి కాగితం మీద రాసి పెట్టు" అన్నాడు. రాసి పెట్టాను. దాని కింద మా తాత మాట కూడా రాశాను.